నల్ల సీసం, తెల్ల సీసం

మిల్లు నాలుగింటి కూత కూసే లోపల కులంబరు వస్తాడు. తోటల్లో కూలీల మీద పెత్తనం చేసే తెల్లదొరని ఇక్కడ, ఈ ఫిజీ లంకలో, అందరూ కులంబరనే అంటారు, అసలు పేరు ఎవరికి కావాలి. వచ్చి, గుర్రాన్ని బయట కట్టి, తన తోట చెరుకులో తీపి ఎంతుందో తేలేదాకా ఆ కిటికీ పక్క కుర్చీలో బూట్లు చాపుకుని కూర్చుంటాడు. కూర్చుని చాయ్ తాగుతాడు. చాయ్‌లో మూడు చెంచాల చక్కెర. ఈ సీజనంతా ప్రతి గురువారం ఇదే వరస, ఈ గురువారమూ ఇదే వరస, కాకపోతే ఇవాళ ఆ మూడు చెంచాలూ చక్కెర డబ్బాలోవి కావు. బాలయ్య కెటిలు మూత ఎత్తి చూశాడు. అడుగున ఆవగింజలంత బుడగలు. గోడ మీద 1914 క్యాలెండరు పక్కన గడియారంలో మూడు దాటి అయిదు నిమిషాలు. తొందరేం లేదు. నాలుగేళ్ళు ఆగినవాడికి గంట ఒక లెక్కా.

గది సన్నగా వణుకుతోంది. గోడకి అవతల రోలర్లు చెరుకుని నమిలి పిప్పి చేస్తున్నంతసేపూ ఈ గదిలో బల్లలూ, బల్లల మీద సీసాలూ పళ్ళు కొట్టుకుంటూనే ఉంటాయి. మిల్లు జనం దీన్ని సీసాల గది అంటారు. గంటకోసారి రోలర్ల కింద రేకు డబ్బా పెట్టి రసం పట్టుకు రావడం, గాజు కుప్పెలో పోయడం, అందులో ఈ గది కెమిస్టు ఒగిల్వీ దొర కలిపి ఉంచిన సీసపు నీళ్ళు పోసి కుదపడం బాలయ్య పని. రసం వచ్చేటప్పుడు బర్రెలు పొర్లిన గుంటలా ఉంటుంది. సీసం పడగానే మురికంతా పాలు విరిగినట్టు విరిగి, మెల్లగా అడుక్కి దిగుతుంది. పైన రసం తేటపడుతుంది. ఆ తేటని పొడుగాటి గొట్టంలో పోసి దీపానికి ఎదురుగా పెట్టి, దొర ఒంటికన్నుతో చూసి తీపి ఎంతో చెబుతాడు. ఇవాళ దొర లేడు. జ్వరం వచ్చి బంగళాలో పడుకున్నాడు. నీ కన్ను నా కన్ను కంటే నయం, నువ్వే చూసి రాసి పెట్టు అని పొద్దున చీటీ పంపాడు. ఈ సీజన్లో గురువారం పూట దొర గదిలో లేకపోవడం ఇదే మొదలు. దేవుడు తలుపు తీసి పట్టుకుంటే గుమ్మంలో నిలబడి కాళ్ళు తుడుచుకునేవాడు మనిషా. మూడింటి రసంలో ఇప్పుడే సీసం పోశాడు. కుప్పెలో ఇంకా అంతా కలగాపులగంగా ఉంది, తేరాలి.

పై అరలో ఎడమ నుంచి నాలుగోది. పీ, బీ. మిగతా సీసాల మధ్య అదొకటి ఏ పాపం తెలియనట్టు నిలబడి ఉంది, లోపల తెల్లటి పొడి, పటికబెల్లం దంచి పోసినట్టు. ఆ రెండక్షరాలూ ఒగిల్వీ దొర తన చేత్తో రాసినవి. దొర ముసలాడు, ఒంటరివాడు, మాట్లాడడానికి మనిషి లేక ముఖం వాచిపోయినవాడు. బాలయ్య మాట్లాడని మనిషి. మాట్లాడనివాడు దొరికితే మాట్లాడేవాడికి పండగే కదా. మూడేళ్ళ కింద, కొలువులో చేరిన కొత్తలో, ఇనుము సీసా మీద ఎఫ్, ఈ అని ఎందుకు రాశారు, ఇంగ్లీషులో దాన్ని అయన్ అంటారు కదా అని బాలయ్య ఒకే ఒక ప్రశ్న అడిగాడు. దొర దానికి మూడేళ్ళుగా జవాబు చెబుతూనే ఉన్నాడు. సగం హిందుస్తానీ, సగం ఇంగ్లీషు, మిగిలింది చేతులతో. వెనకటికి రోము అని ఒక రాజ్యం ఉండేదట. వాళ్ళ భాష లాటిను. రాజ్యం పోయింది, ఆ మాట ఇంట్లో మాట్లాడుకునే తల్లీ పిల్లా ఇవాళ భూమ్మీద ఒక్కరూ లేరు, కానీ ఇనుము ఇంకా వాళ్ళ ఫెర్రమే, వెండి వాళ్ళ అర్జెంటమే, బంగారం వాళ్ళ ఆరమే. ఏ దేశంలో ఏ కెమిస్టు కలం పట్టినా చచ్చిన వాళ్ళ మాటలోంచి ఒకటో రెండో అక్షరాలు గిల్లి రాయాల్సిందే. పాదరసానికి నీటి వెండి అని పేరు. బాలయ్యకి ఆ పేరు నచ్చింది. వాళ్ళూ కళ్ళు పెట్టుకుని చూసిన మనుషులే అనుకున్నాడు.

రాగి కథ మాత్రం నచ్చలేదు. రాగికి కుప్రం అని పేరట, కుప్రం అంటే సైప్రస్ అనే లంక పేరట, అక్కడ తవ్వేవాళ్ళు కనక లంక పేరే లోహానికి వచ్చిందట. ఎవరు తవ్వారు అని అడుగుదామనుకున్నాడు. అడగలేదు. ఎవరు తవ్వుతారు, ఓడలో తెచ్చినవాళ్ళే తవ్వుంటారు. లంక పేరు మిగిలింది, రాగి మిగిలింది, గునపం పట్టిన చెయ్యి పేరు ఏ సీసా మీదా లేదు. మద్రాసు డిపోలో గుమాస్తా బాలయ్య ఓడ పాసు మీద పేరు రాశాడు, తోటకి వచ్చాక అదీ పోయి నంబరు మిగిలింది. పెళ్ళాం ద్రౌపది చచ్చిపోయినప్పుడు కాగితంలో నంబరు రాసి, పక్కన గుండె జబ్బు అని రాశారు. గుండె. దాని గుండెకి ఏం జబ్బు, ఇనుప గుండె అది. ఫెర్రం. జబ్బు గుర్రం ఎక్కి వచ్చింది, జబ్బు చేతిలో కొరడా ఉంది, వాడు ఇంకో యాభై నిమిషాల్లో ఆ కుర్చీలో కూర్చుంటాడు.

తల మీద టోపీ సర్దుకున్నాడు. టోపీ కింద నాలుగేళ్ళ జుట్టు ముడి. సింహాద్రి అప్పన్న మొక్కు అని లైన్లలో, కూలీల గదుల వరసల్లో, అనుకుంటారు, బాలయ్య కాదనలేదు. పేరు దానిది ద్రౌపది, జుట్టు విరబోసుకుని శపథం పట్టే తీరిక దానికి దొరకలేదు. అందుకని జుట్టు తను పెంచాడు. వాడి చెయ్యి పడిపోయిననాడు గొరిగించుకుంటానని ఏ దేవుడితోనూ చెప్పలేదు, తనలో తనే అనుకున్నాడు.

స్టవ్ వత్తి కొంచెం పైకి తిప్పాడు. కిరసనాయిలు వాసన, చెరుకు పాకం వాసన, మధ్యలో ఇంకేదో. కొలిమి వాసన. కాదు, ఇక్కడ కొలిమి ఎక్కడిది, అది బొబ్బిలి దగ్గర తండ్రి కొలిమి, ముప్పయ్యేళ్ళ కిందది, అయినా ముక్కుకి దూరం తెలుస్తుందా. వాళ్ళు కంచరి వాళ్ళు. రాగీ ఇత్తడీ కంచూ కరిగించి బతికినవాళ్ళు, సంతలో కూర్చుని ఊరందరి గిన్నెలకీ కళాయి వేసినవాళ్ళు. గిన్నెని ఇసకా చింతపండూ వేసి కాలి కింద తిప్పి తిప్పి తోమి, నిప్పు మీద ఎర్రబడేదాకా కాల్చి, నవాసాగరం చల్లి, తగరం కడ్డీ ఒక్కసారి తాకించి గుడ్డతో తుడిస్తే, పచ్చటి ఇత్తడి మీద వెన్నెల పరుచుకునేది. కళాయి లేని ఇత్తట్లో పులుపు వండితే చిలుము పుట్టి ప్రాణం తీస్తుందని ఊళ్ళో పసిపిల్లకీ తెలుసు. తగరం ప్రియం. అందుకని సంతల్లో కొందరు తగరంలో సీసం కలిపేవారు, చూడ్డానికి అదీ తెల్లగానే ఉంటుంది, నాలుగు రోజులు పోతే నల్లబడుతుంది. తండ్రి వాళ్ళ నీడ తొక్కేవాడు కాదు. సీసం కలిపినవాడు కూట్లో మన్ను కలిపినవాడురా అనేవాడు. బాలయ్య అది మోసం అని నేర్చుకున్నాడు. మోసం అంటే గిరాకీకి మోసం, పనికి మోసం. అంతవరకే నేర్చుకున్నాడు.

దొరకి ఈ సంగతి ఒకసారి చెప్పాడు, మూడేళ్ళలో తనంతట తను చెప్పింది అదొక్కటే. దొర ఎగిరి గంతేసినంత పని చేశాడు. రోము వాళ్ళకి తగరమూ సీసమూ ఒక్క పేరేనట, రెండూ ప్లంబమేనట. తగరం తెల్ల ప్లంబం, సీసం నల్ల ప్లంబం. వాళ్ళూ రాగి గిన్నెలకి తెల్ల ప్లంబంతో కళాయి వేసేవారట, వాళ్ళ బజార్లోనూ తెల్లదాంట్లో నల్లది కలిపి అమ్మే దొంగలుండేవారట. బాలయ్య నవ్వాడు. రెండు వేల ఏళ్ళ కింద, సముద్రాల అవతల, తన తండ్రిలాంటి ముసలాడొకడు సంతలో కూర్చుని పక్కవాణ్ణి తిడుతున్నట్టు కళ్ళకి కట్టింది. స్టానం అనే మాట తర్వాత వచ్చి తగరం సీసా మీద కూర్చుంది, ప్లంబం నల్లదానికే మిగిలిపోయింది. పీ, బీ.

బుడగలు శనగలంత అయ్యాయి. మూడూ ఇరవై.

పోయిన నెల అమావాస్య వెళ్ళిన మర్నాడు. పై అర తుడుస్తుంటే ఆ సీసా బిరడా ఊడి వేలికి పొడి అంటింది. చెరుకు దేశంలో వేలికి తెల్లగా ఏది అంటినా నాలిక మీదకే పోతుంది. దొర బల్ల అవతల నుంచి దూకి వచ్చి మణికట్టు పట్టేసుకున్నాడు. వద్దు, అది తియ్యగా ఉంటుంది, అదే దాని దగ్గరున్న చెడుగు అన్నాడు. తర్వాత కూర్చోబెట్టి రోము వాళ్ళ కథ ఇంకోటి చెప్పాడు. వాళ్ళు ద్రాక్షరసాన్ని సీసపు గిన్నెల్లో మరగబెట్టేవారట. పులుపు సీసాన్ని తినేది, సీసం పులుపులోకి దిగి తీపయ్యేది, గొప్పవాళ్ళంతా లొట్టలేసుకుని తాగేవారట. తాగినవాళ్ళకి కడుపులో తాడు మెలేసినట్టు నొప్పి, మొహం పాలిపోవడం, చిగుళ్ళ అంచున నీలంగా గీత, ఆడవాళ్ళ కడుపు నిలవకపోవడం, ఆఖరున మణికట్టు దగ్గర చెయ్యి వాలిపోవడం. దొర తన చెయ్యి చాపి, వేళ్ళు కిందికి వేలాడేసి చూపించాడు, చచ్చిన కోడి మెడలా. బాలయ్య తల వంచుకుని విన్నాడు. విన్నంతసేపూ వాడి చెయ్యి కనబడింది. కొరడా పట్టే చెయ్యి, ఎర్ర వెంట్రుకల చెయ్యి, అది మణికట్టు దగ్గర వాలిపోయి, చాయ్ కప్పు ఎత్తలేక, గుర్రం కళ్ళెం పట్టలేక. చంపడం కాదు, చంపితే ఏముంది, చచ్చినవాడు హాయిగా పడుకుంటాడు. ఆ చెయ్యి వాలిపోవాలి. ద్రౌపది చెయ్యి ఎట్లా వాలిపోయిందో అట్లా. ఆ రాత్రి నాలుగేళ్ళ తర్వాత కడుపునిండా తిని నిద్రపోయాడు.

ద్రౌపది. ఓడలో అందరూ కక్కుకుంటుంటే ఇది కొంగు ముడి విప్పి చూసుకునేది. ముడిలో గోంగూర విత్తులు. అయిదేళ్ళు పోయి వచ్చేదానికి విత్తులెందుకే అంటే, అయిదేళ్ళు పులుపు లేకుండా తింటావేటి అనేది. వెంట తెచ్చుకున్న రెండోది వాళ్ళమ్మ ఇచ్చిన ఇత్తడి తపేలా. అయిదేళ్ళ కూలికి ఒప్పుకునే గిర్మిట్టు కాగితం మీద వేలిముద్ర వేసేటప్పుడు కూడా చంకలోంచి దించలేదు. లైన్లో వాళ్ళ గది వెనక నాలుగు గజాల చోటులో గోంగూర మొలిచింది. పక్క లైన్లో కూలీల మేస్త్రీ సర్దారు పెళ్ళాం నుంచి పొలం గట్టున ఉండే ఫిజీ ముసలమ్మ దాకా అందరికీ పంచింది. ఈ నేలకి పులుపు నచ్చినట్టుంది, ఇంత ఎత్తు పెరిగింది. కడుపుతో ఉన్నప్పుడు రోజూ అదే, పొద్దున పులుసు, సాయంత్రం పచ్చడి, తపేలా అడుగు గోకి మరీ. బాలయ్యకి సీజన్లో మిల్లు దగ్గర పని పడితే అక్కడే తినేవాడు, ఇంటికి వచ్చిన రోజున తనకీ ఆ పులుసే. కడుపు పట్టేసేది. చెరుకు రసం పడలేదనుకునేవాడు.

అప్పుడా రోజు. ఎన్నిసార్లు చూసినా అరగని రోజు. కలుపు తీసే వరస. ఎండ. ద్రౌపది పారతో వంగి ఉంది, ఏడో నెల. వాడు గుర్రం మీంచి వంగాడు. కొరడా లేచింది, ముంజేతి మీద పడింది, రెండోది భుజం మీద. చెయ్యి వాలిపోయింది. ఉఠావ్ అంటున్నాడు వాడు, పార ఉఠావ్, చెయ్యి ఎత్తింది కానీ మణికట్టు కింద వేళ్ళు వేలాడుతున్నాయి. పక్క వరసలో బాలయ్య చేతిలో పార ఉంది. పదునుది. పార చేతిలో ఉంది, కాళ్ళు నేలలో ఉన్నాయి. కదల్లేదు. మూడో రోజున కడుపు పోయింది. నాటకం అని వాడు రాసిచ్చిన చీటీ చూసి ఆసుపత్రి గుమ్మంలోంచి తిప్పి పంపారు. పద్నాలుగో రోజున ద్రౌపది పోయింది. కొరడా దెబ్బకి చెయ్యి పడిపోయింది. నాలుగేళ్ళుగా బాలయ్య లోపల ఈ ఒక్క మాటే రోలర్లలా తిరుగుతోంది, కొరడా దెబ్బకి చెయ్యి పడిపోయింది.

కెటిలు కూసింది. బాలయ్య లేచి, పీ బీ సీసా దించి, కప్పులో మూడు చెంచాలు వేశాడు. మీద చాయ్ పోశాడు. పొడి కరిగిపోయింది, చక్కెర ఎంత నమ్మకంగా కరుగుతుందో అంత నమ్మకంగా. పాలు పోసి కలిపి, కుర్చీ పక్క ముక్కాలి పీట మీద పెట్టాడు. సీసా పైన పెట్టేశాడు. అరగంట ఉంది. చాయ్ చల్లారుతుంది, వాడికి గోరువెచ్చనే ఇష్టం. ఇక ఊహించుకోవడమే పని. తాగుతాడు. వచ్చే గురువారం మళ్ళీ తాగుతాడు, ఆ పై గురువారం కూడా, దొర లేచి తిరిగినా బాలయ్య చేతి మీదుగానే. కడుపు పట్టుకుంటాడు. రమ్ము పడలేదనుకుంటాడు. చిగుళ్ళ మీద నీలం గీత. పొగాకు మరక అనుకుంటాడు. ఒకరోజు గుర్రం మీద కూర్చుని ఎవత్తినో కొట్టడానికి కొరడా ఎత్తబోతాడు, వేళ్ళు మూసుకోవు, కొరడా జారి నేల మీద పడుతుంది. అందరూ చూస్తుండగా. ఎందుకు జారిందో వాడికి తెలియదు. వాడి కోటు బొత్తాలు వాడు పెట్టుకోలేడు. ఇంకొకరితో పెట్టించుకుంటాడు, ఇదిగో ఈ చెయ్యి పని చెయ్యట్లేదు, కొంచెం పెట్టు అని.

కొంచెం ముడెయ్యి.

ఎవరిదా గొంతు. ఇదిగో, ఈ చెయ్యి పైకి లేవట్లేదు, జుట్టు ముడెయ్యవా. ద్రౌపది. వెనక్కి తిరిగి కూర్చుని నవ్వుతూ. బాలయ్య మొరటుగా ముడి వేస్తే లైన్లో ఆడవాళ్ళు చూసి పకపకలాడారు. ఇది ఎప్పుడు. ఆదివారం, పని లేని రోజు. ఏ ఆదివారం. కొట్టాక వచ్చిన ఆదివారానికి అది లేచి కూర్చోలేదు, నవ్వలేదు. మరి ఏ ఆదివారం. బాలయ్య ఆ రోజుని మళ్ళీ మొదటి నుంచి తీశాడు. ఎండ, వరస, ద్రౌపది వంగి ఉంది. వాడు గుర్రం మీంచి వంగాడు. ఎందుకు వంగాడు. పార కింద పడి ఉంది కనక. కొరడా లేవక ముందే పార కింద ఉంది. ఉఠావ్ అన్నది కొట్టక ముందు. పార ఎందుకు జారింది. నాలుగేళ్ళలో ఈ ఒక్కటీ అడగలేదు, ఆ రోజుని కత్తిలా నూరుకుంటూ నూరుకుంటూ ముందు వైపున్న ముక్క అరగదీసేశాడు. చెయ్యి ముందు. దెబ్బ తర్వాత. బొగ్గుతో పళ్ళు తోముకుని వచ్చి, మరక పోలేదేటి చూడు అని చిగుళ్ళు చూపించింది. నీలంగా ఉంది. బొగ్గు మసి అన్నాడు. తనే అన్నాడు.

కిటికీ పక్క కుప్పెలో రసం తేరింది. పైన అద్దంలా ఉంది, అడుగున నాలుగు వేళ్ళ మందాన బురద. బాలయ్య దానివంక చూస్తూ కూర్చున్నాడు, చూడకూడదనుకుంటూ. తపేలాకి కళాయి పోయింది. తగరం ఏదీ, ఈ దేశంలో తగరం కడ్డీ ఏ దుకాణంలోనూ దొరకలేదు. పులుపు లేనిదే దానికి ముద్ద దిగదు. కులంబరు బంగళా వెనక చెత్తలో చాయ్ పెట్టెలు, పెట్టెల లోపల అతికించిన పల్చటి తెల్లరేకు. కంచరి వాడి చేతికి అది ఏమిటో తెలియదా. వేలితో నొక్కితే సొట్ట పడింది, గోటితో గీస్తే గీత పడింది. తెలిసింది. తెలిసే చుట్టచుట్టి పంచెలో దోపుకున్నాడు. ఇక్కడ ఏ తండ్రి చూస్తాడు, ఏ సంత చూస్తుంది. పొయ్యి మీద తపేలా కాల్చి ఆ రేకంతా కరిగించి రుద్దాడు. ద్రౌపది తపేలా ఎత్తి మొహం చూసుకుంది. "అద్దంలా ఉందే. మా ఊర్లో కూడా ఇట్టా ఎయ్యలేదు ఎవరూ" అంది. ఆ మాటకి ఛాతీ పొంగింది. అది తగరం కాదని చెప్పలేదు.

రేకు వాడిది. బాలయ్య గట్టిగానే అనుకున్నాడు. వాడి బంగళా, వాడి చాయ్, వాడి పెట్టె. కాదు. వాడు పారేశాడు, ఏరుకున్నది ఎవరు. కొరడా వాడిది. ఆసుపత్రి గుమ్మంలోంచి తిప్పించిన చీటీ వాడిది. చేవలేని, కడుపుతో ఉన్నదాన్ని కొట్టిన చెయ్యి వాడిదే, అది ఏ లాటిను మాటతో కడిగినా పోదు, వాడు మంచివాడైపోలేదు. కానీ తపేలా వాడిది కాదు. పగ పట్టినవాడు మనిషి కోసం వెతుక్కుంటాడు, దొరికిన మొదటివాడి మీద కూర్చుంటుంది పగ, అది ఇప్పుడు మెల్లగా లేచి, గది దాటి వచ్చి, బాలయ్య ఎదురుగా నిలబడి మొహంలోకి చూసింది. ముక్కాలి పీట మీద చాయ్ మీగడ కట్టింది. ఇంకా గోరువెచ్చగా ఉండుంటుంది. తియ్యగానే ఉంటుంది. దానికి తాగేవాడు దొరికాడు, కులంబరు కానక్కర్లేదు. చెయ్యి చాపాడు కూడా.

చాపిన చేతిని చూసుకున్నాడు. జడ. జుట్టు ముడి కాదు, జడ. ఇవాళ పొద్దున ఎవరో జడ అన్నారు. కౌశల్య. లచ్మన్ పెళ్ళాం, మూడు గదుల అవతల. పోయినేడు ఓడలో వచ్చిన శ్రీకాకుళం పిల్ల, దిగిన రోజున బాలయ్య తెలుగు విని అన్నియ్యా అని పట్టుకుంది, ఈ లంకలో దానికి ఇంకో పుట్టిల్లు లేదు. ఇప్పుడు ఎనిమిదో నెల. అయిదో నెలలో లైన్ల ఆడవాళ్ళంతా చేరి సీమంతం చేస్తే, పుట్టింటి వాళ్ళు సారె పెట్టాలి, అన్న ఏమిస్తాడు అని అందరూ బాలయ్య వంక చూశారు. గదిలోకి వెళ్ళి, మూడేళ్ళుగా మేకుకి వేలాడుతున్నది దించి, తుడిచి, పసుపు రాసి దాని చేతుల్లో పెట్టాడు. తపేలా. వెనక పెరట్లో ద్రౌపది గోంగూర ఇంకా మొలుస్తూనే ఉంది. రోజూ కోసుకెళుతుంది. ఇవాళ పొద్దున గడపలో కూర్చుని నవ్వుతోంది, "జడకి చెయ్యి ఎత్తలేకపోతున్నానన్నియ్యా, మీ బావ చేత ఏయించుకుంటన్నాను, సూసినోళ్ళు నవ్వుతన్నారు" అని. ఈ మధ్య కడుపు పట్టేస్తోందని కూడా అంది. తపేలా కళాయి అరిగిపోతోంది, మళ్ళీ ఎయ్యవా అని కూడా అంది. తను నవ్వాడు. అన్నీ విని, నవ్వి, ఈ గురువారం వైపు నడిచి వచ్చాడు.

కళాయి అరిగి ఎక్కడికి పోతుంది.

బయట గుర్రం ముక్కు చీదింది. మెట్ల మీద బూట్లు. బాలయ్య కప్పు ఎత్తి చాయ్‌ని తూములో గుమ్మరించి, కప్పు నేలకేసి కొట్టి, సీసపు నీళ్ళ చేతులు పంచెకి తుడుచుకునే లోపల కులంబరు గుమ్మంలో నిలబడ్డాడు. ఎర్ర వెంట్రుకల చెయ్యి గుమ్మానికి ఆనించి. పెంకులు చూసి, నా చాయ్ ఏదీ అన్నాడు హిందుస్తానీలో.

"చక్కెర లేదు సాబ్."

వాడు నవ్వాడు. నిజంగానే నవ్వు వచ్చింది వాడికి. "చక్కెర మిల్లులో చక్కెర లేదా?"

బాలయ్య వాడి చేతినీ, గుమ్మానికీ చేతికీ మధ్యనున్న సందునీ చూశాడు. ఆ చెయ్యి అంతే ఉంది, రేపూ అంతే ఉంటుంది, ఎవత్తి మీదో లేస్తుంది. దానికో రోజు ఉంది, ఉండాలి, ఆ బాకీ ఇంకెవడైనా తీర్చుకుంటాడు, తనకి ఇప్పుడు ఖాళీ లేదు. భుజంతో ఆ చేతిని పక్కకి తోసి మెట్లు దిగాడు. కూత పడలేదు, ఎక్కడికి అని వెనక నుంచి కేక, పాత నంబరు పెట్టి మరీ కేక. వీపు మీద చురుక్కుమని ఏదో పాకింది. నాలుగేళ్ళుగా ఏ చెయ్యి కోసం కూర్చున్నాడో ఆ చెయ్యి తన మీద పడింది, దానికి వెనక్కి తిరిగి చూడాలని కూడా తోచలేదు. పరుగు ఎప్పుడు మొదలైందో తెలియదు. చెరుకు బండ్లు, ట్రాము పట్టాలు, ఎండిన ఆకు కాళ్ళకి కోసుకుంటోంది, టోపీ ఎక్కడో పడిపోయింది, ముడి ఊడిపోయి జుట్టంతా మొహం మీద.

లైన్ల దగ్గర పులుపు వాసన ముందే ఎదురొచ్చింది. కౌశల్య పొయ్యి ముందు పీట మీద కూర్చుని ఉంది, పొయ్యి మీద తపేలా, తపేలాలో గోంగూర కుతకుతలాడుతోంది. ఎడమ చేత్తో గరిటె పట్టుకుంది. కుడి చెయ్యి ఒళ్ళో ఉంది, వేళ్ళు కిందికి. బాలయ్య ఏమీ అనకుండా తపేలా అంచులు రెండు చేతులా పట్టుకుని ఎత్తాడు, చర్మం చుయ్యిమంది, పెరట్లోకి తీసుకెళ్ళి పులుసంతా నేల మీద బోర్లించాడు. లోపల కళాయి మచ్చలు మచ్చలుగా మిగిలి ఉంది, నల్లగా, మధ్య మధ్య పచ్చటి ఇత్తడి తేలి. గట్టు మీదున్న చెరుకు కత్తి తీసుకుని కూర్చుని ఆ నలుపుని గీకడం మొదలుపెట్టాడు. కౌశల్య గోడ పట్టుకుని లేచి వచ్చింది. కాలిన చేతులనీ, జుట్టునీ, వీపు మీద చిరిగిన చొక్కానీ, నేల పాలైన కూరనీ చూసింది. ఏడుపు గొంతుతో అడిగింది, "తపేలా ఏటి సేసిందన్నియ్యా? అది వదిన వండుకున్న తపేలా కదేటి?"

"తపేలా ఏం చెయ్యలేదు తల్లీ" అన్నాడు బాలయ్య, కత్తి ఆపకుండా. "కళాయి వేసినవాడు చేశాడు. నోరు తెరు, నీ చిగుళ్ళు చూడనీ."

మిల్లు నాలుగింటి కూత కూసింది.